కామెర్లకు పసరు పోసే పెద్దలకు, పర్లాకిమిడి నుంచి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో పచ్చకామెర్లకు పసరు పోసే పెద్దలందరికీ నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ఆస్పత్రి వీధిలో ఒక చిన్న గదిలో రక్తపరీక్షలు చేసుకునే ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మీలో కొందరికి నేను తెలుసు. ఒకరిద్దరు షుగర్ పరీక్షకు నా దగ్గరికే వస్తారు కూడా. మీ దగ్గర పసరు తాగినవాళ్ల రక్తం నా చేతికి వస్తుంది. నా దగ్గర రిపోర్టు తీసుకున్నవాళ్లు మీ వాకిట్లో కూర్చుంటారు. ఇన్నేళ్లుగా ఇద్దరం చూస్తున్నది ఒకే మనుషుల్ని. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు.

పసరు మానేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను చెప్పినా మీరు మానరు, మీరు మానినా జనం ఊరుకోరు. మా అమ్మ నన్ను ఎనిమిదో ఏట మీలాంటి ఒక పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లింది. ఆదివారం, పరగడుపు. ముక్కు మూసి గొంతులో పోశారు. ఆ చేదు ఇప్పటికీ నాలుక వెనక ఉంది. తగ్గింది కూడా. ఎందుకు తగ్గిందో తర్వాత చెప్తాను. ఇప్పుడు మిమ్మల్ని అడిగేది ఒకటే: ఆకు నూరే ముందు మనిషిని ఒక్క ఐదు నిమిషాలు చూడండి. ఎవరికి పోయాలన్నది మీ ఇష్టం. ఎవరికి పోయకుండా ఆ పూటే ఆస్పత్రికి పంపేయాలో మాత్రం నన్ను చెప్పనివ్వండి.

ఆరేళ్ల కిందట, వానలు వెనకపడుతున్న రోజుల్లో, మా పిన్ని కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. ఒళ్లు వెచ్చబడటం, నీరసం, వాంతులు. కడుపుతో ఉన్న పిల్లకి వాంతులు మామూలే కదా అనుకున్నారు. అన్నం ఉడుకుతున్న వాసన వస్తే లేచి వీధి అరుగు మీదికి వెళ్లిపోయేదట. చింతపండు చారు తప్ప ఏదీ సయించలేదు. నాలుగైదు రోజులకు మూత్రం ముదురు రంగులో వస్తోందని తల్లికి చెప్పింది. వేడి చేసిందని పిన్ని సబ్జా నీళ్లిచ్చింది. ఇంకో రెండు రోజులకు కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు నా దగ్గరికి వచ్చారు.

రక్తం తీసింది నేనే. సెంట్రిఫ్యూజ్ ఆగాక ట్యూబు వెలుతురుకి పెట్టి చూశాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఇలా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత గడ్డి రంగు నీరు తేలుతుంది. ఆ రోజు తేలింది ఆవనూనె రంగు. మిషన్‌లో పెట్టకముందే నాకు అర్థమైంది. కళ్లని పచ్చబరిచే బిలిరుబిన్ ఒకటి దాటకూడదు, అది తొమ్మిది పైన ఉంది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే, నలభై లోపు ఉండాల్సిన ఎస్‌జీపీటీ వేలల్లో ఉంది. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, "డాక్టరుగారికి చూపించండి పిన్నీ" అని ఇచ్చి, తర్వాతి పేరు పిలిచాను. ఇవాళే వెళ్లండి అనలేదు. రిపోర్టు చదివి చెప్పడం డాక్టరు పని, మన పని కాదు అని మాకు మొదటి రోజు నుంచీ నేర్పుతారు. ఆ పాఠం వెనకాల దాక్కున్నాను.

వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. పసరుకి వెళ్లారు. ఆదివారం ఒకసారి, గురువారం ఒకసారి. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు లేదు, గంజి మాత్రం. పదో రోజు పగలంతా నిద్రపోయింది. మందు పనిచేస్తోంది, పిల్లకి నిద్ర పడుతోంది అని ఇంట్లో అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఆ రాత్రి లేచి చీర కొంగు లాక్కుంటూ గదంతా తిరిగి, తల్లిని చూసి "నువ్వెవరే?" అంది. తెల్లారేసరికి అంబులెన్సులో పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. కడుపులో బిడ్డ అప్పటికే పోయింది. తను రెండు రోజులు ఉంది.

పసరు పోసినాయన మీద నాకు కోపం లేదు. ఆయనకి తెలియలేదు. నాకు తెలిసింది, చెప్పలేదు. ఆయనది తప్పయితే నాది అంతకంటే పెద్దది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత ఉంది కదా. ఇరవై ఆరేళ్లలో అలా కనిపిస్తోందని నాకు ఒక్కరూ చెప్పలేదు. పచ్చదనం కనిపించేది ఎదుటివాళ్లకే, తనకి కాదు. అద్దంలో రోజూ చూసుకునే మొహంలో మార్పు తెలియదు. భార్యో, పక్కింటి ఆవిడో, ఛాయ్ కొట్టువాడో చూసి "కళ్లేటి అలా ఉన్నాయి?" అనాలి. అందుకే మీ చూపు అంత విలువైనది. ఈ ప్రాంతంలో కామెర్ల కళ్లను ఏ డాక్టరుకన్నా ముందు, ఎక్కువగా చూసేది మీరు.

అయితే కళ్లు పచ్చబడేనాటికే ఆలస్యమైపోయి ఉంటుంది. మన ఒంట్లో ఎర్రకణాలు నాలుగు నెలలు బతికి చచ్చిపోతాయి. వాటి నుంచి పుట్టే పచ్చటి చెత్తే బిలిరుబిన్. లివర్ దాన్ని పట్టి పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపిస్తుంది. మలానికి ఉండే రంగు దాని వల్ల వచ్చేదే. లివర్ వాచినప్పుడు ఆ చెత్త రక్తంలోకి వెనక్కి పొంగుతుంది, మూత్రంలోకి జారుతుంది. రక్తంలో అది రెండున్నర, మూడు దాటితే గాని కంటి తెలుపులో కనిపించదు. అంటే కళ్లు పచ్చబడేలోపే జబ్బు వారం, పది రోజుల వయసుది.

ఆ వారంలో ఏం జరుగుతుందో రోగిని అడిగితే చెప్తాడు, మనం అడగాలి అంతే. ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు, రోజుకి రెండు కట్టల బీడీ. వేరే ఏదో పరీక్షకి వచ్చి, "ఏటో బాబూ, వారం నుంచి బీడీ నోట్లో పెడితే డోకొస్తంది" అన్నాడు. కళ్లు తెల్లగానే ఉన్నాయి. ఎందుకైనా మంచిదని లివర్ పరీక్ష కూడా చేయించుకోమన్నాను. ఎస్‌జీపీటీ పన్నెండు వందలు. నాలుగో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి. పొగ తాగేవాడికి పొగ మీద అసహ్యం పుట్టడం లివర్ వాపుకి పాత గుర్తు, డాక్టర్ల పుస్తకాల్లో కూడా ఉంటుంది. అలాగే కూర తాలింపు వాసనకే కడుపు తిప్పడం, జలుబూ దగ్గూ లేని జ్వరం, కుడిపక్క డొక్కల కింద బరువు, కీళ్ల నొప్పులు, రెండడుగులు వేస్తే కూర్చోవాలనిపించే నీరసం. ఒక్కొక్కటిగా చూస్తే ఇవన్నీ మామూలు విషయాలే. మూడు నాలుగు కలిసి వచ్చాయంటే, ముఖ్యంగా మూత్రం రంగు కూడా మారిందంటే, అనుమానించాలి.

మూత్రం గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, ఇది నా పని. గాజు సీసాలో పట్టి తెమ్మనండి. లివర్ వాపులో అది పాలు లేని ఛాయ్ డికాషన్‌లా ఉంటుంది. సీసా మూత బిగించి గట్టిగా ఊపండి. మామూలు మూత్రం నురగ తెల్లగా ఉంటుంది. బిలిరుబిన్ ఉంటే నురగ కూడా పచ్చగా ఉంటుంది. మిషన్లు లేని రోజుల్లో డాక్టర్లు చేసిన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. బీకాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నవాళ్లకి కూడా మూత్రం పచ్చగా వస్తుంది, ఆ సంగతి ముందు అడగండి. అది నిమ్మకాయ రంగు, మెరుస్తూ ఉంటుంది. ఎండలో పనిచేసి నీళ్లు తాగనివాడికీ ముదురుగానే వస్తుంది, చెంబెడు నీళ్లు తాగితే తేటపడుతుంది.

కళ్లు చూసేటప్పుడు బల్బు వెలుతురులో చూడకండి. వాకిట్లోకి, పగటి వెలుతురులోకి తీసుకురండి. పైరెప్ప ఎత్తిపట్టి కిందికి చూడమనండి. ఎప్పుడూ రెప్ప చాటున ఉండే ఆ తెలుపులో పచ్చదనం స్పష్టంగా తెలుస్తుంది. బొప్పాయి, గుమ్మడి విపరీతంగా తినేవాళ్లకి అరచేతులు పచ్చబడతాయి గాని కళ్లు తెల్లగానే ఉంటాయి. వాళ్లకి జబ్బేమీ లేదు. సున్నపునీళ్లలో చేతులు కడిగితే పచ్చరంగు దిగడం సంగతి కూడా ఎత్తుదామనుకున్నాను. మామిడి బెరడు రసానికి సున్నం తగిలితే ఏ రంగు వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడితో వదిలేస్తున్నాను.

మలం రంగు అడగడానికి మొహమాటపడకండి. తెల్లగా, బంకమట్టిలా వస్తోందంటే, ఒళ్లంతా దురద కూడా ఉందంటే, పైత్యరసం దారి మూసుకుపోయి ఉండొచ్చు. రాయి అడ్డుపడి ఉండొచ్చు. యాభై దాటినవాడు నొప్పి లేకుండా పచ్చబడుతూ, చిక్కిపోతూ ఉంటే ఇంకా చెడ్డది ఉండొచ్చు. అక్కడ పసరుకి పనే లేదు, స్కానింగు కావాలి.

మన గజపతి, రాయగడ కొండ ప్రాంతంలో పచ్చకళ్లన్నీ లివర్ వాపు కావు, ఇంకో రెండున్నాయి. ఒకటి మలేరియా. చలి వణుకుతో జ్వరం వచ్చి కళ్లు పచ్చబడ్డాయంటే అది మెదడుకెక్కే రకం మలేరియా కావచ్చు, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు. రెండోది సికిల్ సెల్. ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయి తొందరగా చితికిపోతాయి కాబట్టి ఆ పిల్లల కళ్లు ఏడాదిలో చాలాసార్లు పచ్చగా అవుతూ తగ్గుతూ ఉంటాయి. ఎముకల్లో నొప్పులు, పాలిపోయిన మొహం. ఒకే పిల్లాణ్ని మూడోసారి కామెర్లని మీ దగ్గరికి తెచ్చారంటే, ఈ జబ్బు పేరు చెప్పి పరీక్షకి పంపండి. మలేరియా పరీక్ష ఆశా కార్యకర్త దగ్గరే వేలి చుక్కతో పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

ఇక నాకు ఎనిమిదో ఏట ఎందుకు తగ్గిందో. నీళ్ల ద్వారా, తిండి ద్వారా వచ్చే లివర్ వాపులు రెండు, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ. పిల్లలకి ఎక్కువగా వచ్చేది ఎ. ఈ రెండూ నూటికి తొంభై పైగా మందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. లివర్ తనని తాను బాగుచేసుకునే అవయవం. కళ్లు పచ్చబడ్డాక మనిషి మీ దగ్గరికి వచ్చేసరికి జబ్బు సగం దారి దాటి ఉంటుంది. మీరు మూడు వారాలు పసరు పోస్తారు, ఆ మూడు వారాల్లో లివర్ కోలుకుంటుంది, పేరు పసరుకి వస్తుంది. కోపగించుకోకండి, ఆస్పత్రికి వెళ్లినవాళ్లకి కూడా ఈ రెండింటికీ ప్రత్యేకమైన మందేమీ ఇవ్వరు. విశ్రాంతి తీసుకో, తిను, నీళ్లు తాగు అంటారు. వాళ్లకీ ఉత్త పుణ్యానికే పేరు వస్తుంది.

మీరు వాడే ఆకుల్లో నేల ఉసిరి ఉంటుందని చాలామంది చెప్పారు. దాన్ని చదువుకున్నవాళ్లెవరూ పట్టించుకోలేదని అనుకోకండి. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లంబర్గ్ దాని మీద పనిచేశారు. ఆయనా, మద్రాసు పరిశోధకులూ కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో రాశారు, నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ గుర్తు పోయిందని. అందరూ ఆశపడ్డారు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. అంటే ఆకుని ఎవరూ తక్కువ చేయలేదు, పరీక్ష పెట్టారు, నిలబడలేదు. ఇంకోవైపు కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం విపరీతంగా తాగి లివర్ వాపుతో వచ్చినవాళ్ల గురించి ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాదన నడిచింది. ఎవరి వాదం వాళ్లది గాని, వాచి ఉన్న లివర్ మీద ఏ ఆకైనా, ఏ మాత్రైనా అదనపు బరువే అని నేననుకుంటాను. మెడికల్ షాపులో ఇచ్చే జ్వరం మాత్రలు గుప్పెళ్లతో మింగినా అంతే. జీలుగు కల్లు, ఇప్పసారా సంగతి చెప్పనే అక్కర్లేదు.

మాత్రలంటే గుర్తొచ్చింది. క్షయకి మందులు వాడుతున్నవాడు కళ్లు పచ్చబడి వస్తే అది ఆ మందుల వల్ల వచ్చిన లివర్ వాపు అయ్యే అవకాశం ఉంది. పసరు పోసి పంపితే అతను ఇంటికెళ్లి అవే మాత్రలు వేసుకుంటూ ఉంటాడు. రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. క్షయ మందు, అంటే టీబీ మాత్రలు, వాడుతున్నావా, ఎన్ని నెలలైంది అని అడగండి. మందిచ్చే చోటికి ఆ రోజే పంపండి. ఏది ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో వాళ్లే చెప్తారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మనుషులు మీ వాకిట్లోకి వస్తే పసరు గిన్నె ముట్టుకోవద్దు, దండం పెడతాను.

కడుపుతో ఉన్న ఆడపిల్ల. ఏ నెలైనా సరే. హెపటైటిస్ ఇ వస్తే, చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్లలో నూటికి ఇరవై నుంచి పాతిక మంది దాకా చనిపోతారు. మిగతావాళ్లకి తేలిగ్గా పోయే జబ్బు వీళ్లనే ఎందుకు ఇంతగా పట్టుకుంటుందో పెద్ద డాక్టర్లకే పూర్తిగా అంతుపట్టలేదు. మా ఇంట్లో జరిగింది అదే.

మగతగా ఉన్న మనిషి. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చిరాకు, తికమక మాటలు, ఇంట్లోవాళ్ల పేర్లు తడబడటం. రెండు చేతులూ ముందుకి చాపి, వేళ్లు విప్పి, మణికట్టు పైకి వంచి ఆపమనండి, ట్రాఫిక్ పోలీసు బళ్లు ఆపినట్టు. చేతులు పక్షి రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయంటే లివర్ పట్టుతప్పింది, విషం మెదడుకి చేరుతోంది. చిగుళ్ల నుంచి రక్తం, సూది గుచ్చిన చోట ఆగని రక్తం, తారులా నల్లటి మలం, ఆగని వాంతులు, ఉబ్బిన పొట్ట, వాచిన పాదాలు కూడా ఇదే కోవలోవి. వీళ్లకి ఒక్క రోజు వృథా అయినా తిరిగి రాదు.

ఇక్కడ నా వృత్తి తరఫున ఒక హెచ్చరిక. రోగి బంధువులు రిపోర్టు చూపించి "ఎస్‌జీపీటీ రెండువేల నుంచి మూడొందలకి దిగింది, పసరు పనిచేసింది" అంటే వెంటనే సంబరపడకండి. అదే కాగితంలో బిలిరుబిన్ పెరుగుతూ ఉంటే, రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ పరీక్షలో అంకె ఎక్కువవుతూ ఉంటే, ఎస్‌జీపీటీ దిగడం మంచి కబురు కాదు. లివర్ కణాల్లో చావడానికి మిగిలినవి తక్కువైపోయాయని అర్థం. మంట ఆరిపోవడం వేరు, కట్టెలు అయిపోవడం వేరు.

పసిపిల్లలు. పుట్టిన రెండు మూడు రోజులకి వచ్చే పచ్చదనం చాలామందికి వారం, పది రోజుల్లో పోతుంది. మొదటి రోజే పచ్చబడినా, అరికాళ్ల దాకా పాకినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఆస్పత్రికే. రెండు వారాలు దాటినా పచ్చగానే ఉండి, విరేచనం తెల్లగా సున్నంలా వస్తుంటే ఇంకా తొందర. పైత్యరసం గొట్టం పుట్టుకతోనే మూసుకుపోయిన పిల్లలు ఉంటారు. వాళ్లకి ఆపరేషన్ రెండు నెలలు నిండేలోపే చేయించాలి. ఆ తర్వాత చేసినా ఫలితం తగ్గిపోతుంది. నెల రోజులు పసరు చుట్టూ తిప్పితే ఆ బిడ్డకి ఉన్న సమయంలో సగం మనమే తినేసినట్టు.

పథ్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఉప్పూ నూనే పసుపూ మాన్పించి గంజి మీద ఉంచడం వల్ల లివర్‌కి మేలేమీ లేదు. బాగుపడటానికి దానికి తిండే కావాలి. పసుపు తింటే కళ్లు పచ్చబడవు. అన్నం, పప్పు, చోడి అంబలి, మజ్జిగ, అరటిపండు, సయిస్తే కోడిగుడ్డు. మీ నోటి నుంచి వస్తే జనం వింటారు, డాక్టరు చెప్తే వినరు.

మీలో కొందరు ముంజేతి మీద చిన్న గాటు పెట్టి మందు రాస్తారు, కొందరు వాత పెడతారు. ఒకే బ్లేడు, ఒకే సూది ఇద్దరికి వాడితే హెపటైటిస్ బి, సి ఒకరి నుంచి ఒకరికి పోతాయి. ఎ, ఇ లాగా ఇవి నాలుగు వారాల్లో పోయే చుట్టాలు కావు. చాలామందిలో ఏ గుర్తూ ఉండదు, కళ్లు పచ్చబడవు, ఆకలి పోదు. ఇరవై, ముప్ఫై ఏళ్లు లోపల లివర్‌ని కొరుక్కు తిని, పొట్ట ఉబ్బాక బయటపడతాయి. ఒక రక్తదాన శిబిరంలో హుషారుగా చెయ్యి చాపిన కుర్రాడికి రక్తం పనికిరాదని చెప్పాల్సి వచ్చింది. వాడు నా మొహం చూసిన చూపు మరిచిపోలేను, "నాకేటి సార్, పులిలా ఉన్నాను" అన్నాడు. మన దేశంలో 2022 నాటికి దాదాపు మూడు కోట్ల మందికి బి, యాభై ఐదు లక్షల మందికి సి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో ఎక్కువమంది ఈ కుర్రాడిలాగే పులుల్లా తిరుగుతున్నారు. మళ్లీ మళ్లీ వాడిన సిరంజిలతో ఏం జరుగుతుందో గుజరాత్‌లోని మొడాసాలో 2009లో చూశాం. ఊరు ఊరంతా హెపటైటిస్ బితో గగ్గోలెత్తింది. దయచేసి గాటు మానేయండి. ఇదొక్కటీ మాత్రం బతిమాలడం కాదు, గట్టిగానే అడుగుతున్నాను.

బి, సిలకి ఇప్పుడు పరీక్షా మందులూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద. సికి పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై ఐదు మందికి పూర్తిగా నయమవుతుంది. బికి టీకా ఉంది, బిడ్డ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లో మొదటి డోసు పడాలి. తల్లి నుంచి పురిట్లోనే అంటుకున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది కాబట్టి ఆ తొందర. ఇంట్లో పురుడు పోసే మంత్రసానులు మీ బంధువులే చాలామంది. ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఆస్పత్రుల్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి మీకు తెలుస్తుంది. ఒక ఆదివారం మీ వాకిట్లో ఒకే వీధి నుంచి నలుగురు కూర్చుంటారు. ఆ వీధి కుళాయి గొట్టం ఎక్కడో మురికికాలవలో పగిలిందని అర్థం. హెపటైటిస్ ఇ నీళ్లలో కలిసిన రెండు నుంచి పది వారాలకి గాని జబ్బుగా బయటపడదు, అందుకే అందరూ గొట్టం సంగతి మరిచిపోయి ఉంటారు. 1955 చివర్లో ఢిల్లీలో యమున వరద దారి మారి మురుగు ఊరి మంచినీళ్లలోకి ఎదురుపోతే దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. మన ఒడిశాలోనే 2014, 15లో సంబల్‌పూర్ అల్లాడిపోయింది.

మనది ఒడిశా, ఆంధ్రా సరిహద్దు. ఇల్లు పర్లాకిమిడిలో, కొట్టు పాతపట్నంలో, అత్తవారు మెళియాపుట్టిలో. ఒకే పెళ్లిలో నీళ్లు తాగిన పదిమందిలో నలుగురు ఒడిశా రిజిస్టరులో పడతారు, ముగ్గురు ఆంధ్రా రిజిస్టరులో పడతారు, మిగతావాళ్లు ఎక్కడా పడరు. రెండు వైపులా అంకెలు చిన్నగానే కనిపిస్తాయి. పదిమందీ ఒకచోట కూర్చునేది మీ వాకిట్లోనే. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పేరు అక్కర్లేదు, వీధి, తాగే నీళ్లు ఎక్కడివి, కళ్లు ఎప్పుడు పచ్చబడ్డాయి, చాలు. ఒకే చోటి నుంచి ముగ్గురు దాటితే ఆశా కార్యకర్తకి చెప్పండి. లేదా నాకు చెప్పండి, నేను చెప్పాల్సినవాళ్లకి చెప్తాను. నీళ్లు మరగకాచి తాగమని మీరు అంటే ఆ వీధి ఆ సాయంత్రం నుంచే కాస్తుంది.

ఆరోగ్య శాఖవాళ్ల మీదా నాకు ఒక ఫిర్యాదు ఉంది, అది వేరే ఉత్తరం. గోడల మీద బొమ్మలన్నీ ఒడియాలో. మన ముసలివాళ్లకి ఒడియా చదవడం రాదు, పిల్లలకి తెలుగు చదవడం రాదు, కొండ మీది సవరలకి రెండూ పరాయివే. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే కూర్చుని వందేళ్ల కిందట పుస్తకాలు రాశారు. మనం మూత్రం రంగు గురించి ఒక బొమ్మ కూడా వాళ్ల మాటలో వేయలేకపోయాం. మీరు మాత్రం ఆ మూడు భాషల్లోనూ బేరాలాడతారు, దీవిస్తారు, తిడతారు.

ఆదివారం నా ల్యాబ్ మూసి ఉంటుంది. కానీ మీ పసరు రోజు కూడా అదే. అందుకని వచ్చే ఆదివారం నుంచి ఉదయం ఆరింటికి పక్క సందులో వెనక తలుపు తీసి ఉంచుతాను. చీటీ రాయక్కర్లేదు, మీ పేరు చెప్పి పంపండి. కడుపుతో ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి, మగతగా ఉన్నవాళ్లకి బిలిరుబిన్ పరీక్షకి డబ్బులు తీసుకోను. మగతగా ఉంటే అసలు నా దగ్గర ఆగనివ్వను, 108కి నేనే ఫోన్ చేస్తాను. రిపోర్టు మీద అంకెతో పాటు, తెలుగులో, ఎర్ర సిరాతో "ఇవాళే" అని రాసి ఇస్తాను.

ఇట్లు,
ఆస్పత్రి వీధిలో రక్తపరీక్షలు చేసే మనిషి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా